సమ్మక్క రికార్డులో కుడి పేజీలు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున నేను వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే గేటు దగ్గర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. భుజానికి పెద్ద సంచి, ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. "పద్మావతి టీచరు ఇల్లు ఇదేనా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళకు పైగా ఖమ్మం చుట్టుపక్కల హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. ఎవరో ఒక పాత విద్యార్థి పిల్లను పంపి ఉంటాడులే అనుకుని రమ్మన్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా మెట్టు మీద కూర్చుంది. పేరు రవళి. ఇక్కడే ఖమ్మంలో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం. ఊరు పినపాక అవతల, అడవిలోకి. "మా అమ్మమ్మ మీ దోస్తంట మేడం. సమ్మక్క" అంది. నా చేతిలో చేట చేతిలోనే ఉంది. ఎలా ఉంది మీ అమ్మమ్మ అని అడగడానికి నోరు తెరిచేలోపే ఆ పిల్ల చెప్పేసింది. "పోయింది మేడం. మూన్నెల్లయింది. జ్వరమొస్తే భద్రాచలం దవాఖానకు తీస్కపోయినం. నాలుగు రోజులే ఉన్నది."

చేట పక్కన పెట్టాను. తర్వాత ఆ అమ్మాయి సంచి విప్పి ఒక్కో పుస్తకం మెట్టు మీద పెట్టింది. అనాటమీ, ఫిజియాలజీ, న్యూట్రిషన్, సైకాలజీ, వాటి మీద ఫైళ్ళు, అసైన్‌మెంట్లు. వార్డులో డ్యూటీ అయ్యాక ఒక్కో రోగికి ఒక్కో కేర్ ప్లాన్ రాయాలట, అంతా ఇంగ్లీషులో. "పొద్దుగాల ఏడింటికి వార్డుకు పోవాలె, పగటాలకు క్లాసులు, మళ్ల రాసుడు. ఒక్క పేజీ చదివేసరికి ముందు పేజీ మర్చిపోతున్న. అన్నం తినబుద్ధి గాదు మేడం" అంది. ఆ తర్వాత అన్న మాటే ఈ రాతకు కారణం. "మా ఇంటికి చదువు అచ్చిరాదు. అమ్మమ్మ డిగ్రీ మొదటి ఏడే ఆపేసింది. తనకు బుర్ర లేదని తనే చెప్పేది. మా అమ్మ టెన్తు తప్పింది. నేను గూడ ఈ సెలవులకు పోయి మళ్ల రావొద్దనుకుంటున్న. అమ్మమ్మ దవాఖానల ఉన్నప్పుడు చెప్పింది, ఆపేటట్టయితే ఒక్కసారి పద్మ దగ్గరికి పోయి అడిగి ఆపమని."

నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అన్నం తిని వెళ్ళమన్నాను. వంకాయ కూర చేసి పెట్టాను. ధైర్యంగా ఉండమన్నాను, అందరికీ మొదట్లో ఇలాగే ఉంటుందన్నాను. మరుసటి ఆదివారం వస్తే మాట్లాడుకుందామని చెప్పి గేటు దాకా సాగనంపాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మాటలే అవి, నోటికి అలవాటైపోయినవి. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

మాది బూర్గంపాడు దగ్గర. మా తాత కృష్ణా జిల్లాలో ఉన్న పొలం చెక్క అమ్ముకుని, గోదావరి ఒడ్డున నల్లరేగడి చవగ్గా దొరుకుతుందని విని బండి కట్టుకుని వచ్చాడట. నాకు ఊహ తెలిసేసరికి మాకు మిరపా పొగాకూ ఉండేవి. మిరపకాయలు కళ్ళంలో ఆరబోసిన రోజుల్లో ఇల్లంతా ఘాటు. పాలు కాగబెట్టినా, మంచం మీద దుప్పటి దులిపినా అదే వాసన. మా నాన్న తుమ్ముతూ తుమ్ముతూనే పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా పైకి చదివేవాడు. ఆయన ఏడో తరగతి. ఇంట్లో ఒక్కరన్నా డిగ్రీ అనిపించుకోవాలన్నది ఆయన పట్టుదల, ఆ ఒక్కరూ నేను. సాయంత్రం అయ్యేసరికి కోతకు వచ్చిన ఆడవాళ్ళు వాకిట్లో వరసగా నిలబడితే, మా అమ్మ సోలతో గింజలు కొలిచి ఒక్కొక్కరి కొంగులో పోసేది. పైన ఇంత పచ్చడి ముద్దో, బెల్లం ముక్కో. ఒట్టి చేతులతో ఎవర్నీ పంపేది కాదు. "ఒకళ్ళ చేత పని చేయించుకున్నాక వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పడాలే, లేకపోతే ఆ ఉసురు మనకి తగులుద్ది" అనేది. మా ఇంట్లో అది మంచితనం. ఇప్పటికీ మంచితనమే అంటాను. కానీ ఆ మంచితనం ఎక్కడ పనికిరాదో నాకెవరూ చెప్పలేదు, నేనూ చూసి నేర్చుకోలేదు.

ఖమ్మంలో ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీలో చేరాను, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొదటి రోజు జువాలజీ మేడం వచ్చి గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడి వెళ్ళిపోయింది, నాకు అర్థమైంది 'గుడ్ మార్నింగ్' ఒక్కటే. హాస్టలుకు వచ్చి పుస్తకం తెరిస్తే వరసకు నాలుగు మాటలు నిఘంటువులో వెతకాలి. ఒక్క పేజీకి మధ్యాహ్నం భోజనం నుంచి సాయంత్రం గంట కొట్టే దాకా పట్టేది. పుస్తకానికి అలాంటి పేజీలు వందలు, పుస్తకాలు మూడు. రంగు పెన్సిళ్ళతో టైంటేబుళ్ళు గీసేదాన్ని. గీయడానికి ఒక రోజు, అది తప్పితే మళ్ళీ కొత్తది గీయడానికి ఇంకో రోజు. పరీక్ష రోజు పొద్దున టిఫిను కడుపులో నిలిచేది కాదు. నాన్న ఉత్తరం వస్తే విప్పడానికి భయం, 'బాగా చదువుతున్నావని తలుస్తాను' అని రాస్తాడని. ఇంటికెళ్ళి నా వల్ల కాదని చెప్పేద్దామని బస్టాండు దాకా పోయి తిరిగొచ్చిన రోజు కూడా ఉంది.

వీటన్నిటి మీద రికార్డులు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సైన్సు చదివేవాళ్ళు ప్రయోగశాలలో చూసినదంతా రికార్డు పుస్తకంలో ఎక్కించాలి. ఎడమవైపు తెల్ల పేజీ, అక్కడ బొమ్మ. కుడివైపు గీతల పేజీ, అక్కడ దాని వివరం. ఏడాది చివర మేడం సంతకం పెట్టిన రికార్డు చేతిలో లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు గుమ్మంలోకి కూడా రానివ్వరు. ఎంత భయమున్నా ఇంగ్లీషును బట్టీ పట్టి, నెలలు గడిచేసరికి కుడి పేజీలు నేను బాగానే రాయగలిగాను. ఎడమ పేజీల దగ్గరే నా పని అయిపోయింది. నేను వేసిన బొద్దింక కాళ్ళొచ్చిన చింతగింజలా ఉండేది.

పక్క మంచం సమ్మక్కది. మంచం మీద రేకుపెట్టె పెట్టుకుని తను కింద చాప మీద పడుకునేది. మనిషి సన్నం, మాట మెల్లగా. నా బొద్దింకను చూసి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇటు తే" అని పెన్సిలు తీసుకుని, బ్లేడుతో ముల్లు చెక్కి, ఒక్క గీత దగ్గర కూడా రబ్బరు వాడకుండా వేసింది. ఆమె కప్పను వేస్తే, చచ్చి మైనం పళ్ళెంలో పడున్న కప్ప కూడా బతికినట్టు ఉండేది. బోటనీ మేడం ఏదైనా కొమ్మ పట్టుకొచ్చి చూపిస్తే సమ్మక్క దాని పేరు వాళ్ళ కోయమాటలో నా చెవిలో చెప్పేది, ఏ జబ్బుకు నూరి ఇస్తారో చెప్పేది. కానీ అదే ఇంగ్లీషులో రాయమంటే ఒక్కో అక్షరాన్నీ బొమ్మ వేసినట్టు వేస్తూ కూర్చునేది, వాక్యం పూర్తయ్యేసరికి మొదలు ఎక్కడో మర్చిపోయేది. నేను బొమ్మల్లో మొద్దుని, ఆమె రాతలో.

బట్టలు ఉతికే కుళాయి దగ్గర ఒకరోజు నేనే అడిగాను, నా బొమ్మలు కూడా నువ్వే వేసిపెట్టవా అని. సమ్మక్క లంగా పిండుతూ, "మరి బదులుకొస్తవా?" అంది. నాకు అర్థం కాలేదు. "మా ఊళ్లె కూలి ఉండదు పద్మా. ఇయ్యాల నీ చేన్ల నేను కలుపు తీస్త, రేపు నా చేన్ల నువ్వు తీస్తవ్. గదే బదులు. నీ బొమ్మలు నేనేస్త, నా రాత నువ్వు రాయి" అని విడమరిచింది. "ముందు ఎవరిది?" అన్నాను. "ఎవరి చేను ముందు పండితే వాళ్లది. వాళ్ల పని అయినంక రెండోవాళ్లది" అంది. ప్రాక్టికల్స్ ఇంటిపేర్ల వరసలో జరుగుతాయి. నాది మొదటి బ్యాచి, ఆమెది ఆఖరిది. మధ్యలో వారం. కాబట్టి ముందు పండేది నా చేను. ఆ సాయంత్రం మొదటిసారి కడుపునిండా తిన్నాను.

అర్ధసంవత్సరం పరీక్షల సెలవుల్లో వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. బస్సు దిగి నడక. వాళ్ళ ఇంట్లో అడుగు పెట్టగానే పొయ్యి పొగ, బుట్టలో కిందటి ఏడు ఎండబెట్టిన ఇప్పపువ్వు, ఆ రెండూ కలిసిన పులిసిన తీపి వాసన. నా ఒంటికి మిరప ఘాటు పట్టినట్టే ఆమె బట్టలకు ఆ వాసన ఎందుకుండేదో అప్పుడు తెలిసింది. దడి మీద చిక్కుడుకాయలు గుత్తులు గుత్తులుగా ఉంటే ఒకటి తెంపబోయాను. వాళ్ళ బాపమ్మ, మాటలో కరుకు లేని ముసలావిడ, నా చెయ్యి పట్టుకుని "పండుగ గాలే బిడ్డా. దేవరకు పెట్టంది మేమెవ్వరం తినం. నువ్వు గూడ మా ఇంటి పిల్లవే గద" అంది. మా ఇంట్లో చుట్టానికి ముందు పెట్టి తర్వాత మేం తినేవాళ్ళం. ఇక్కడ ఆవిడ నాకు పెట్టకపోవడమే నన్ను కలుపుకోవడం. ఆ తేడా అప్పుడు నవ్వులాటగా అనిపించింది.

మర్నాడు పొద్దున సమ్మక్క నాన్న తలకు తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళు కాలుతుండగా కొడవలి తీసుకుని బయల్దేరాడు. పక్కింటి వాళ్ళ జొన్న కోత. నేను ఊరుకోలేక "జ్వరంగా ఉంది కదా, ఎవరినన్నా కూలికి పంపొచ్చుగా" అన్నాను. ఆయన ఆగి నవ్వాడు. "కూలికైతే మనిషిని పంపొచ్చు బిడ్డా. బదులుకు మనమే పోవాలె" అన్నాడు. ఆ మాట విన్నాను, తలాడించాను, లోపలికొచ్చాక సమ్మక్క పెట్టిన జొన్నరొట్టె తిన్నాను. విన్నది తలకెక్కి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఏడాది చివరి నెలలో సమ్మక్క నా పని పట్టుకుంది. క్లాసులు అవగానే భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల మీద కూర్చునేది, వెలుతురు ఉన్నంతసేపూ లేచేది కాదు. నా బోటనీ, నా జువాలజీ, ప్రతి ఎడమ పేజీ. పక్కన కూర్చుని నేను నా కుడి పేజీలు రాసుకున్నాను. నా రికార్డులు పూర్తయ్యాయి, సంతకమయ్యాయి, మొదటి బ్యాచిలో ప్రాక్టికల్స్ రాశాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ రికార్డు తిరగేసి "గుడ్ హ్యాండ్" అన్నాడు. థ్యాంక్యూ సర్ అన్నాను. తన బొమ్మలు కూడా సమ్మక్క మధ్యమధ్యలో వేసుకుంది. ఇక మిగిలింది ఆమె కుడి పేజీలు. నా బదులు.

మొదటి రోజు ఆమె బోటనీలో నాలుగు పేజీలు రాశాను. ఆ మధ్యాహ్నం ఊరికే చూద్దామని కెమిస్ట్రీ పుస్తకం తెరిచాను. పది రోజుల్లో థియరీ పరీక్ష, సగం పాఠాలు నేను కళ్ళతో కూడా చూడలేదు. రేపు రాస్తాలే సమ్మక్కా అన్నాను. మర్నాడు తలనొప్పి అన్నాను, అబద్ధం. లైబ్రరీలో బీరువాల వెనక కూర్చుని కెమిస్ట్రీ బట్టీ పట్టాను. ఆమె వెతుక్కుంటూ రాలేదు. బదులు మనిషిని వెతికి లాక్కొచ్చే అలవాటు వాళ్ళకి లేదు, వస్తాడని తెలుసు కాబట్టి. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటారు కదా, తగలేసేవాడికి ఆ క్షణాన తగలేస్తున్నట్టు తెలియదు. కాస్త చలి కాచుకుంటున్నా అనుకుంటాడు.

మూడో రోజు మా అమ్మ వచ్చింది, పచ్చళ్ళూ సున్నుండలూ మోసుకుని. పండక్కి కుట్టించుకోమని లేతాకుపచ్చ పరికిణీ గుడ్డ తెచ్చింది. మాటల్లో నా బొమ్మలన్నీ సమ్మక్క వేసిందని చెప్పాను. రాత సంగతి చెప్పలేదు. అమ్మ నొచ్చుకుంది. "ఆ పిల్ల చేత అంత చాకిరీ చేయించుకుని ఒట్టి చేతులతో ఊరుకున్నావంటే? బుద్ధుందా నీకు? ఈ గుడ్డ ఆ పిల్లకియ్యి, నీకు ఇంకోటి కొంటాలే" అంది. నా నెత్తిన ఉన్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. అంత తేలిక! ఒక గుడ్డ ఇస్తే చాలు, ఇక రాయక్కర్లేదు. అమ్మను బస్సెక్కించి వచ్చి, గుడ్డ తీసి సమ్మక్క రేకుపెట్టె మీద పెట్టాను. "ఇది నీకు. మా అమ్మ ఇమ్మంది. నువ్వు అంత చేశావు కదా. మిగతా పేజీలు నువ్వే రాసేసుకో సమ్మక్కా, నాకు కెమిస్ట్రీ ఏమీ అవలేదు" అన్నాను.

ఆమె గుడ్డ వంక చూసింది, తర్వాత నా వంక. "నేను నీ దగ్గర కూలికొచ్చిన్నా పద్మా?" అంది. గొంతు పెంచలేదు. మడత చెదరకుండా గుడ్డను తెచ్చి నా మంచం మీద పెట్టింది. నాకు కోపమొచ్చింది, నిజం చెప్పాలి. అంత మంచి గుడ్డ, వద్దంటుందేమిటి, పొగరా అనుకున్నాను. పుస్తకం తీసుకుని లైబ్రరీకి పోయాను.

మిగిలిన రెండు రోజుల్లో ఆమే రాసుకుంది. రాసినంత రాసింది. జువాలజీ మేడం తిరగేసి ఎర్ర సిరాతో అడ్డంగా గీతలు కొట్టింది, సగం పేజీలు ఖాళీ. బొమ్మలు మాత్రం నా రికార్డులోవాటిలాగే చక్కగా ఉండేసరికి ఆవిడకు అనుమానమొచ్చింది. సంతకమైన నా రికార్డును బీరువాలోంచి తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి, నాకు కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి సమ్మక్క బల్ల పక్కన నిలబడి ఉంది. "రెండిట్లోనూ బొమ్మలు ఒకటే చెయ్యి. ఎవరు వేశారు?" అంది మేడం. మేమిద్దరం నోరు విప్పలేదు. నా రికార్డులో రాత శుభ్రంగా ఉంది, ఆమెదాంట్లో ఒక్క వాక్యం నిలబడలేదు. మేడం తనే లెక్క కట్టేసుకుంది. నా వైపు తిరిగి, "నువ్వే కదా ఈ అమ్మాయికి వేసిచ్చింది?" అంది. తల ఊగిపోయింది అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఊగలేదు. నేను ఊపాను. అవునని ఊపాను.

సమ్మక్క అప్పుడు మేడం వైపు చూడలేదు, నన్ను చూసింది. ఒక్క మాట చాలు. ఆ బల్ల మీదే పెన్సిలుంది, తీసుకుని ఒక్క కప్పను వేసినా చాలు. కానీ నిజం బయటపడితే నా సంతకం కూడా పోతుంది, నా ప్రాక్టికల్ రద్దవుతుంది. అది ఆమెకు తెలుసు. ఊరుకుంది. మేడం చెడ్డ మనిషి కాదు, రికార్డు మూసి మెత్తగానే అంది. "చదువు అందరికీ రాదమ్మా. దొంగ బొమ్మలతో ఎన్నాళ్ళు లాగుతావు? వచ్చే ఏడు చూద్దాంలే." నేను తేలు కుట్టిన దొంగలా గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే సమ్మక్క పెట్టె సర్దుకుంది. నేను మంచం మీద కెమిస్ట్రీ పుస్తకం తెరుచుకుని చదువుతున్నట్టు కూర్చున్నాను. గుమ్మం దగ్గర ఆగి, "పోతున్న పద్మా. కెమిస్ట్రీ మంచిగ రాయి" అంది. దెప్పిపొడుపు కాదు. నిజంగానే మంచిగా రాయమని చెప్పింది. అందుకే నలభై ఏళ్ళయినా ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకునే ఉంది. మంచిగానే రాశాను. ఫస్టు క్లాసు వచ్చింది. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. మరుసటి ఏడు సమ్మక్క రాలేదు. ఎండాకాలంలోనే పెళ్ళయిందని ఎవరో అన్నారు. ఉత్తరం రాద్దామని చాలాసార్లు మొదలుపెట్టాను. 'ప్రియమైన సమ్మక్కా' తర్వాత ఏం రాయాలో తెలిసేది, రాయలేదు.

మళ్ళీ ఒక్కసారి చూశాను. పదో తరగతి పరీక్షల డ్యూటీకి మణుగూరు వెళ్ళి తిరిగొస్తుంటే బస్టాండులో తనే గుర్తుపట్టి పలకరించింది. బీడీలకు తునికాకు కోసే రోజులు, వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి. జుట్టు నెరిసింది. చెయ్యి పట్టుకుని "టీచరువైనవంట గద, మంచిగైంది" అంది. బొమ్మలు వేస్తున్నావా అని అడిగాను. "ఏడ బొమ్మలు పద్మా! నాకు చదువు అచ్చిరాలే. బుర్ర లేదాయె" అని నవ్వింది. అప్పుడే, అక్కడే, బస్సులు అరుస్తున్నా సరే, నీకు బుర్ర లేక కాదు సమ్మక్కా, నేను బదులు ఎగ్గొట్టాను, అబద్ధానికి తల ఊపాను అని చెప్పాల్సింది. నా బస్సు వచ్చింది. చీటీ మీద అడ్రసు రాసి ఆమె చేతిలో పెట్టాను, ఖమ్మం వస్తే రమ్మన్నాను. మళ్ళీ అదే పని. ఇవ్వాల్సింది ఇవ్వకుండా చేతిలో ఏదో ఒకటి పెట్టి రావడం. ఆ మాట ఆమె నిజంగానే నమ్మి అన్నదో, నన్ను కాపాడటానికి అలవాటుగా అన్నదో నాకు తెలియదు. రెండిట్లో ఏది నిజమైనా నేను తప్పించుకోలేను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ పిల్ల రికార్డు మీదా సంతకం పెట్టకుండా ఆపలేదు. మంచి టీచరు అన్నారు, సన్మానాలు చేశారు. చెప్పేవి శ్రీరంగనీతులు. ఇప్పుడు రవళి చదువు చూస్తే మా రోజుల బరువు దీని ముందు ఏపాటిదనిపిస్తుంది. పాఠాలు ఫోనులో, నోట్సు ఫోనులో, చివరికి మార్కులు కూడా క్షణంలో ఫోనులో. వార్డులో మనుషుల నెత్తురు తుడిచి వచ్చి మళ్ళీ కూర్చుని రాయాలి. కానీ భయం అదే, వరసకు నాలుగు మాటలు తెలియని భయం. మా రోజుల్లో ఒకరికొకరం తోడుండేవాళ్ళం అని ఇక్కడ రాయబోయి ఆగాను. తోడున్నది సమ్మక్క. నేను కాదు.

మరుసటి ఆదివారం రవళి వచ్చింది. ఈసారి అన్నం సంగతి ఎత్తలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, కుళాయి దగ్గర నుంచి మణుగూరు బస్టాండు దాకా మొత్తం చెప్పాను. తల ఊపిన సంగతి కూడా ఆ పిల్ల ముఖంలోకి చూస్తూనే చెప్పాను.

"అయితే అమ్మమ్మకు చదువు రాక కాదు" అంది చివరికి.

"కాదు. మా ఇద్దరిలో తెలివి ఆమెదే. నాది బట్టీ" అన్నాను.

రవళి కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మ టెన్తుల లెక్కలు ఒక్కటే తప్పింది మేడం. మళ్ల రాస్తనంటే అమ్మమ్మే వద్దన్నది. మన బుర్రలకు ఎక్కదు బిడ్డా, ఊకె పాణం మీదికి తెచ్చుకోకు అన్నదంట. మా అమ్మ ఇప్పుడు నాకు గూడ గదే చెప్తది." మళ్ళీ తనే అడిగింది. "మీరు గింత దగ్గర్ల ఉన్నరు. పొద్దున బస్సెక్కితే పగటాల వరకు మా ఊళ్లె ఉంటరు. ఒక్కసారన్న ఎందుకు రాలే మేడం?"

భయమేసిందమ్మా అన్నాను. ప్రతి ఆదివారం రా, అనాటమీ నేను చదివి తెలుగులో చెబుతాను, కేర్ ప్లాన్లు ఎలా రాయాలో చూపిస్తాను అన్నాను. "వద్దు మేడం" అంది. కోపంగా అనలేదు. "నావి నేనే రాసుకుంట. కాలేజీ మానను. అది చాలు."

సంచి భుజాన వేసుకుని లేచి, మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగింది. "అమ్మమ్మ ఏసిన బొమ్మ ఒక్కటన్న ఉన్నదా మేడం మీ దగ్గర? మా ఇంట్ల లేవు. ఆమె రికార్డులు ఆమెనే పొయ్యిల పెట్టిందంట. మీ రికార్డుల ఉంటయి గద."

నా రికార్డులు డిగ్రీ అయిన ఎండాకాలంలోనే పాత కాగితాలవాడికి వేసేశాం. అదే చెప్పాను. రవళి సంచి దించి మళ్ళీ మెట్టు మీద కూర్చుంది. "నేను పోయి నోటితో చెప్తే మా అమ్మ నమ్మదు. నన్ను చదువు ఆపకుండ చేయనీకె మీరు కల్పించిన్రంటది" అంది. తర్వాత తలెత్తి, "అయితే రాసియ్యండి మేడం. ఏం జరిగిందో అంతా మీ చేత్తోనే రాయండి, తెలుగులనే. కింద సంతకం పెట్టండి. మా అమ్మకు నేను చదివి వినిపిస్త" అంది.

ఆ రాత ఇదే. వారం పట్టింది. కొట్టివేతలున్న చోట మళ్ళీ శుభ్రంగా రాశాను, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. రేపు రవళి వచ్చి తీసుకుపోతానంది. వాళ్ళమ్మ వింటుంది, నమ్మితే నమ్ముతుంది. సమ్మక్కకు మాత్రం ఇక ఎవరు చదివి వినిపిస్తారు.